పాత పుస్తకంలో వందమంది, మ్యాప్‌లో ఇసుక: యజ్ద్ దగ్గరి ఆ ఫార్సీ పల్లెను ఎలా పట్టుకోవాలి?

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. మీ స్నేహితుడి ముత్తాత ఇరాన్‌లోని యజ్ద్ దగ్గరి ఒక పల్లె నుంచి హైదరాబాద్ వచ్చి చాయ్ హోటల్ పెట్టుకున్నారు. ఊరి పేరు అలీయాబాద్ అని ఇంట్లో అందరికీ తెలుసు, అంతకుమించి ఎవరికీ తెలియదు. పాత ఫార్సీ నిఘంటువులో ఆ పేరు మీద నాలుగు లైన్లు దొరికాయి. జనం వందకు పైగా, భాష ఫార్సీ అని ఉంది. ఇంటర్నెట్‌లో ఒకచోట నలభై లోపు అని, ఇంకోచోట అసలు జనమే లేరని ఉంది. మ్యాప్‌లో పిన్ను ఇసుకలో పడుతోంది. ఏది నిజం, ఊరు ఇంకా ఉందా అని అడిగారు.

నేరుగా జవాబు చెప్తాను. ఆ మూడు లెక్కలూ నిజమే కావచ్చు. ఒకే ఊరివైతే వేర్వేరు ఏళ్లవి, లేదంటే ఒకే పేరున్న వేర్వేరు ఊళ్లవి. నా అనుభవంలో రెండోదే ఎక్కువ. అందుకే జనాభా సంగతి కాసేపు పక్కన పెట్టండి, ముందు ఊరు ఏదో ఖాయం చేసుకోండి. దానికి పేరు ఒక్కటే చాలదు, పిన్నును నమ్మకూడదు. ఏ దెహిస్తాన్ (కొన్ని పల్లెల గుంపు) కింద ఉంది, ఎక్కడి నుంచి ఎంత దూరం ఏ దిక్కున ఉంది, నీళ్లు ఎక్కడివి, ఈ మూడూ కలిసిన చోటే మీ ఊరు. మీ దగ్గరున్న నాలుగు లైన్లలో ఆ మూడూ ఉండే ఉంటాయి. మీరు చూసింది జనాభా అంకె ఒక్కటే.

నేను హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా మ్యాప్ డేటా పని చేస్తున్నాను. అందులో ఆరేళ్లు పూర్తిగా ఇరాన్ ఊళ్ల పేర్లు సరిచూడటమే. ఫార్సీ కూడా ఆ పని కోసమే నేర్చుకున్నాను. ఒక పేరు, ఒక చుక్క, ఒక అంకె, ఇవి ఒకదానికొకటి సరిపోతున్నాయా లేదా అని చూడటమే రోజంతా. కాబట్టి కింద చెప్పేవి ఎక్కువగా చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి.

ముందు ఆ నాలుగు లైన్లు ఎక్కడివో తెలుసుకోండి. దెహ్‌ఖుదా అనే పెద్ద ఫార్సీ నిఘంటువులో ఊళ్ల వివరాలు చాలావరకు ఇరాన్ సైన్యపు భౌగోళిక విభాగం వేసిన పది సంపుటాల గ్రామ కోశం నుంచి తీసుకున్నవి. అది 1940ల చివర్లో మొదలై 1950ల మొదట్లో పూర్తయింది. ఇరాన్‌లో దేశమంతటా మొదటి జనగణన జరిగింది 1956లో. అంటే మీరు చూసిన వంద పైచిలుకు అంకె ఇంటింటికీ తిరిగి రాసింది కాదు, ఆ ఊళ్లో పెద్దమనుషుల్ని అడిగి వేసుకున్న అంచనా అయి ఉంటుంది. తప్పని అనను. ఆ రోజుల్లో ఊరి పెద్దకు తన ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో బాగానే తెలుసు. కానీ దాన్ని 2016 జనగణన అంకె పక్కన పెట్టి ఇంతమంది తగ్గారని తీసివేత చేయకూడదు.

ఆ లైన్లు అన్ని ఊళ్లకూ దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి. ఫలానా దెహిస్తాన్, ఫలానా బఖ్ష్, ఫలానా షహ్రిస్తాన్‌లోని ఊరు (ఈ మాటల అర్థం కింద చెప్తాను). ఫలానా చోటికి ఇన్ని వేల గజాల దూరం, ఫలానా దిక్కు. మైదానమా కొండా. ఇంత జనం. మతం, భాష. నీళ్లు కాలువవా, ఖనాత్ అనే నేల కింది సొరంగానివా. పండేవి ఏమిటి, జనం చేసే పని ఏమిటి, ఆడవాళ్ల చేతిపని ఏమిటి. చివర్న దారి ఎలాంటిదో ఒక మాట. ఒక పల్లె గురించి ఇంత తక్కువ చోటులో ఇంత సమాచారం ఇచ్చిన పుస్తకాలు నేను ఎక్కువ చూడలేదు. ఒక్కో మాటా మీకు ఒక్కో ఆధారం.

అయితే అందులో మన తెలుగువాళ్లు పడే గొయ్యి ఒకటుంది. దూరం దగ్గర 'హెజార్ గజీ' అని ఉంటుంది. గజం మనకు బాగా తెలిసిన మాట, ఇంటి స్థలాలు ఇప్పటికీ గజాల్లోనే కొంటాం. వెంటనే వెయ్యి గజాలు అంటే 914 మీటర్లు అని లెక్క వేసేస్తాం. ఆ పుస్తకంలో గజం అంటే మీటరు, వెయ్యి గజాలంటే కిలోమీటరు. నేను చేరిన కొత్తలో సరిగ్గా ఈ తప్పే చేశాను. 42 వేల గజాల దూరాన్ని 38 కిలోమీటర్లుగా తీసుకుని, అక్కడ కనిపించిన పల్లె మీద పేరు పెట్టేశాను. అసలు ఊరు ఇంకో నాలుగు కిలోమీటర్ల అవతల, చిన్న గుట్ట వెనకాల ఉంది. పేరు తప్పుగా పడ్డ ఊరి మనిషి ఒకాయన ఫిర్యాదు పంపాక గానీ మాకు తెలియలేదు. తన ఊరికి పక్కూరి పేరు పెట్టారని ఆయన పడ్డ బాధ ఆ ఫిర్యాదులో కనిపించింది. అది చదివాక ఈ పనిలో నిర్లక్ష్యం చేయకూడదని నాకు గట్టిగా తగిలింది.

ఇంకో రెండు మాటలు. దిక్కుల దగ్గర 'బాఖ్తర్' అంటే పడమర, 'ఖావర్' అంటే తూర్పు. ఇప్పటి మామూలు ఫార్సీలో వాటికి 'గర్బ్', 'షర్క్' అంటారు కాబట్టి ఫార్సీ కొంచెం వచ్చినవాళ్లు కూడా అక్కడ ఆగిపోతారు. ఇక జనం లెక్క దగ్గర 'తన్' అని ఉంటుంది, మన తనువుకు చుట్టం ఆ మాట. మనిషి అని అర్థం. ఫార్సీలో టన్నుకూ అవే అక్షరాలు. కాబట్టి మెషీన్ ట్రాన్స్‌లేషన్ మీకు 'ఇన్ని టన్నుల నివాసులు' అని ఇస్తే కంగారు పడకండి, అక్కడున్నది మనుషుల లెక్కే.

దూరం ఎక్కడి నుంచి కొలిచారో కూడా చూడండి. చాలాసార్లు యజ్ద్ నగరం నుంచి కాదు, ఆ బఖ్ష్ ముఖ్యపట్నం నుంచి ఉంటుంది. యజ్ద్ దగ్గరి తఫ్త్ పట్నం నుంచి ఇరవై కిలోమీటర్లు అంటే ఒక చోటు, యజ్ద్ నుంచి ఇరవై అంటే ఇంకో చోటు.

ఇప్పుడు చిరునామా గొలుసు. ఇరాన్‌లో పెద్దది ఒస్తాన్, మన రాష్ట్రం లాంటిది అనుకోండి, అధికారాలు మాత్రం అంత ఉండవు. ఇప్పుడు 31 ఉన్నాయి. దాని కింద షహ్రిస్తాన్, జిల్లా లాంటిది. దాని కింద బఖ్ష్, దాని కింద దెహిస్తాన్. దెహిస్తాన్ అంటే కొన్ని పల్లెల గుంపు, మన మండలం కంటే చిన్నది. అన్నింటికన్నా కింద ఆబాదీ. ఈ ఆబాదీ మాట మన రెవెన్యూ కాగితాల్లోనూ ఉంది, గ్రామకంఠం అని రాసేచోట ఆబాదీ అంటారు కదా, అదే.

ఈ గొలుసు ఎప్పుడూ ఒకేలా ఉండదు. మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, 2022లో ఆంధ్ర పదమూడు జిల్లాలు 26 అయ్యాయి. ముప్పై ఏళ్ల కిందటి ఉత్తరం మీద కరీంనగర్ జిల్లా అని ఉన్న ఊరు ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉండొచ్చు. ఊరు కదల్లేదు, చిరునామా కదిలింది. ఇరాన్‌లోనూ అంతే. 1930ల చివర్లో అక్కడ ఒస్తాన్లను నంబర్లతో పిలిచేవారు. తొమ్మిదోది ఖొరాసాన్, పదోది ఇస్ఫహాన్. యజ్ద్ అప్పుడు పదోదాని కింద ఉండేది. కాబట్టి పాత కాగితంలో 'పదో ఒస్తాన్' అని కనిపిస్తే అది మీ ఊరు కాదని తోసేయకండి. తబస్ ప్రాంతమైతే ఇంకా తిరిగింది. ఖొరాసాన్‌లో ఉండేది, 2000ల మొదట్లో యజ్ద్‌లో కలిపారు, మళ్లీ ఓ పదేళ్లకు దక్షిణ ఖొరాసాన్‌కు ఇచ్చారు. అక్కడి ఒక పల్లెకు 2006 లెక్కలో ఒక ఒస్తాన్, 2016 లెక్కలో ఇంకో ఒస్తాన్ కనిపిస్తుంది. మీ స్నేహితుడి ముత్తాతగారి కుటుంబం యజ్ద్ అన్నప్పుడు అది ఏ కాలపు యజ్ద్ అన్నది అందుకే అడగాలి.

పేరు ఎందుకు చాలదంటే, అలీయాబాద్, హుసేనాబాద్, హసనాబాద్ అనేవి ఇరాన్ అంతటా వందల్లో ఉన్నాయి. యజ్ద్ ఒస్తాన్ ఒక్కదాంట్లోనే మీకు చాలా కనిపిస్తాయి. కొత్తగా ఖనాత్ తవ్వి నాలుగు ఇళ్లు వెలిస్తే, తవ్వించినాయన పేరో, భక్తితో పెట్టుకున్న పేరో చివర ఆబాద్ చేరి ఊరైపోతుంది. ఒకే పేరున్నవి దగ్గర్లోనే ఉంటే తేడా చూపడానికి ఎగువకు ఒల్యా, దిగువకు సోఫ్లా అని చేరుస్తారు. లేదా బాలా, పాయీన్ అంటారు. మా ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు ఊరి పేరు పక్కన బ్రాకెట్లో కె అనీ, బి అనీ రాస్తారు. ఖుర్ద్ అంటే చిన్నది, బుజుర్గ్ అంటే పెద్దది, రెండూ ఫార్సీ మాటలే. ఆ అక్షరం వదిలేస్తే బస్సు దిగేది వేరే ఊళ్లో అని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. అక్కడా అంతే. మీ స్నేహితుడి ఇంట్లో పెద్దవాళ్లను 'అలీయాబాద్ ఒక్కటేనా, దాని వెనక ఇంకేదైనా మాట అనేవారా' అని అడగమనండి. ఇళ్లలో పొడుగు పేరు పలకరు, కాబట్టి వాళ్లకు గుర్తు లేకపోవచ్చు. పక్కూరి పేరు గుర్తుంటే అది ఇంకా మంచిది. అలీయాబాద్‌లు చాలా ఉంటాయి గానీ అలీయాబాద్, ఫలానా పక్కూరు అనే జంట ఒక్కటే ఉంటుంది.

పిన్ను ఇసుకలో ఎందుకు పడిందంటే, ఇంటర్నెట్‌లో తిరిగే ఇరాన్ పల్లెల అక్షాంశ రేఖాంశాలు చాలా వరకు పాత అమెరికన్ సైనిక మ్యాపుల నుంచి వచ్చినవి. వాటిలో చాలా ఊళ్లకు నిమిషాల వరకే ఇచ్చారు, సెకన్లు లేవు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. యజ్ద్ ఉన్నచోట రేఖాంశంలో ఒక నిమిషం కిలోమీటరున్నర పైచిలుకు. నాలుగు వీధుల పల్లెకు అంత తేడా వస్తే పిన్ను ఎడారిలో పడక ఎక్కడ పడుతుంది? కాబట్టి పిన్ను చుట్టూ రెండు మూడు కిలోమీటర్లు శాటిలైట్ చిత్రంలో చూడాలి.

చూసేటప్పుడు ఇళ్ల కోసం వెతకొద్దు. మట్టి ఇళ్లు, మట్టి నేల, అంతా ఒకే రంగు, కళ్లు నొప్పి పుడతాయి. ఖనాత్ కోసం వెతకండి. ఖనాత్ అంటే కొండ దిగువన నీరున్న చోట లోతైన బావి తవ్వి, అక్కడి నుంచి నేల కింద సన్నటి వాలుతో సొరంగం తవ్వుకుంటూ ఊరి దాకా నీళ్లు తేవడం. మోటారు అక్కర్లేదు, వాలే నీటిని నడిపిస్తుంది. సొరంగం పొడుగునా మట్టి పైకి తీయడానికి, గాలి ఆడటానికి అక్కడక్కడ బావులు తవ్వుతారు. తీసిన మట్టి బావి చుట్టూ గుండ్రంగా పోస్తారు. పైనుంచి చూస్తే అచ్చం గారెలు వరుసగా పెట్టినట్టు ఉంటుంది, మధ్యలో చిల్లుతో సహా. ఆ గారెల వరుస పట్టుకుని కొండ నుంచి దిగువకు పోండి. వరుస ఆగిపోయిన చోట ఒక్కసారిగా పచ్చటి చారలు కనిపిస్తాయి, దానిమ్మ తోటలో, గోధుమ మళ్లో. ఊరు అక్కడే ఉంటుంది. నేను ఈ పద్ధతిలో పట్టుకున్నన్ని ఊళ్లు ఏ పట్టికతోనూ పట్టుకోలేదు. ఇరాన్ ఖనాత్‌లలో పదకొండింటిని యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో కొన్ని యజ్ద్ ఒస్తాన్‌లోనే ఉన్నాయి. మీ నాలుగు లైన్లలో 'నీళ్లు ఖనాత్‌వి' అని ఉంటే సగం పని అయినట్టే. వరుస కనిపించి, దాని చివర పచ్చదనం లేకపోతే ఆ ఖనాత్ ఎండిపోయిందని అర్థం. అలాంటప్పుడు జనాభా లేదన్న మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు జనాభా దగ్గరికి వద్దాం. ఇరాన్‌లో జనగణనలు 1956, 1966, 1976, 1986, 1996, 2006, 2011, 2016ల్లో జరిగాయి. ఊరి వారీగా మీకు దొరికే చివరి పూర్తి లెక్క 2016దే అనుకుని మొదలుపెట్టండి. ఫార్సీ పట్టికల్లో ఏడాది వాళ్ల కాలెండర్‌లో ఉంటుంది, 1335 అంటే 1956, 1385 అంటే 2006, 1395 అంటే 2016. ఏడాది రాయని జనాభా అంకెను నేను లెక్కలోకే తీసుకోను. మీరు చూసిన 'నలభై లోపు' అన్నదాని పక్కన ఏడాది ఉందో లేదో చూడండి. ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో ఇరాన్ పల్లెల గురించి కనిపించే ఒక్క వాక్యం పేజీల్లో చాలా భాగం 2006 పట్టిక నుంచి గుత్తగా తయారైనవే.

ఆ పట్టికతో ఇంకో చిక్కుంది. జనగణనలో ఆబాదీ అంటే మనం అనుకునే ఊరే కానక్కర్లేదు. పొలంలో వేసిన మోటారు బావి, కోళ్ల ఫారం, గని, ఇలాంటి చోట్లు కూడా విడిగా ఒక ఆబాదీగా నమోదవుతాయి. అక్కడ కాపలా కుటుంబం ఒక్కటే ఉన్నా పట్టికలో ఒక వరుస ఉంటుంది. వాటన్నింటినీ ఊళ్లుగా రాసేసిన పేజీలు ఇంగ్లిష్ వికీపీడియాలో వేల సంఖ్యలో వచ్చి, తర్వాత పెద్ద ఎత్తున తొలగించాల్సి వచ్చింది. కాబట్టి మీకు కనిపించిన 'జనం లేని అలీయాబాద్' అసలు ఊరే కాకుండా, అలీయాబాద్ పేరున్న మోటారు బావి కూడా కావచ్చు. పేరు ముందు 'చాహ్' అని ఉంటే బావి, 'మజ్రయె' అని ఉంటే పొలం. ఆ ముందు మాట వదిలేసి పేరు మాత్రమే ఎక్కించిన జాబితాలు నేను చాలా సరిదిద్దాను.

ఇంకోటి. మరీ కొద్ది కుటుంబాలే ఉన్న ఊళ్లకు జనాభా అంకె ప్రచురించరు, వాళ్ల వివరాలు బయటపడకూడదని. ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా గుర్తు పెడతారు. దాన్ని సున్నాగా తీసుకోకండి. రెండు ముసలి జంటలు ఉన్న ఊరు కూడా అలాగే కనిపిస్తుంది. జనం నిజంగానే లేని ఊరికి 'ఖాలీ అజ్ సకనె' అని విడిగా రాస్తారు. మన తెలంగాణ రెవెన్యూలో ఇలాంటి ఊళ్లను బేచిరాక్ గ్రామాలు అంటారు కదా, ఆ మాట కూడా ఫార్సీదే. చిరాగ్ అంటే దీపం, బేచిరాగ్ అంటే దీపం లేనిది. రికార్డుల్లో పేరుండి, ఇంట్లో దీపం పెట్టే మనిషి లేని ఊరు.

జనాభా అంకె పక్కన కుటుంబాల సంఖ్య ఉంటే తప్పకుండా భాగించి చూడండి, చాలా కథ అందులోనే ఉంటుంది. దేశం మొత్తం మీద 2006లో కుటుంబానికి సగటున నలుగురు, 2016లో 3.3. ఇస్ఫహాన్ ఒస్తాన్‌లో నతన్జ్ దగ్గర, కర్కస్ కొండ కింద అబ్యానె అనే ఎర్రమట్టి ఇళ్ల ఊరుంది, ఫొటోల్లో చూసే ఉంటారు. 2006లో అక్కడ 305 మంది, 160 కుటుంబాలు. కుటుంబానికి ఇద్దరు కూడా లేరు. ఆ ఒక్క భాగహారంతో ఊళ్లో ఉన్నది చాలావరకు పెద్దవాళ్లేనని తెలిసిపోతుంది. మీ అలీయాబాద్‌కు కూడా అలాంటి నిష్పత్తి వస్తే, పిల్లలు యజ్ద్‌లోనో తెహ్రాన్‌లోనో ఉన్నారని, ఊరు ఇంకా చచ్చిపోలేదని అర్థం చేసుకోండి.

ఇలాంటి ఊరు ఒకటి నేను స్వయంగా చూశాను. కొన్నేళ్ల కిందట యజ్ద్‌లో వారం రోజులు ఉన్నప్పుడు, నేను మ్యాప్‌లో సరిచేసిన ఒక పల్లెకు వెళ్లాను. ఊరి పేరు రాయను, అక్కడున్నది కొద్దిమందే. చలికాలం, మధ్యాహ్నం. వీధి పొడుగునా తలుపులకు తాళాలు. ఒక గుమ్మం ముందు ఒక పెద్దావిడ ఎండలో కూర్చుని దానిమ్మ తొక్కలు ఎండబెడుతోంది. పాత తలుపుకు రెండు రకాల తట్టుడు ఇనుములు ఉన్నాయి, మగవాళ్లు తట్టేది బరువుది, ఆడవాళ్లు తట్టేది సన్నటి రింగు. నేను రింగు పట్టుకుని చూస్తుంటే ఆమె నవ్వింది. ఊళ్లో ఎంతమంది ఉంటారమ్మా అని అడిగాను. ఆమె నాకు అంకె చెప్పలేదు. ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టింది, ఫలానా ఆయన, ఫలానా ఆయన భార్య, మేమిద్దరం, అలా పదకొండు దగ్గర ఆగింది. ఆగి, 'నౌరోజ్‌కి రా, కాలు పెట్టడానికి చోటుండదు' అంది. నౌరోజ్ అంటే వాళ్ల కొత్త సంవత్సరం. మన పల్లెల్లో సంక్రాంతికో, బతుకమ్మకో అయ్యేది అదే. జనగణన ఇంటి మనిషి మామూలుగా ఎక్కడ ఉంటాడో అక్కడ లెక్క వేస్తుంది కాబట్టి ఆ పట్టికలో ఆమె చెప్పిన నౌరోజ్ ఊరు ఎప్పటికీ కనిపించదు.

ఆమె ఇంటాయన ఇంకో విషయం చూపించారు. గూట్లోంచి చిన్న రాగి గిన్నె తీశారు, అడుగున సూది మోపినంత చిల్లు. నీళ్లున్న పెద్ద పాత్రలో దాన్ని తేలుస్తారు. నిండి మునిగేంతసేపు ఒక వంతు. ఎవరి మడికి ఎన్ని గిన్నెల నీళ్లో అలా కొలిచేవారు. మనకు గడియ అనే మాట ఇచ్చిన ఘటిక పాత్ర కూడా ఇదే లెక్కన పనిచేసేది. ఆ వంతులు చూసే మనిషిని మీరాబ్ అంటారు, మన చెరువుల కింద నీరటి ఉండేవాడు కదా, అలాంటి పని. ఆ వంతులకు పుస్తకం ఉండేది. ఊళ్లో ఉండేది పదకొండు మందే అయినా పుస్తకంలో పేర్లు అంతకు ఎన్నో రెట్లు, యజ్ద్‌కు పోయినవాళ్లవి, ఇంకా దూరం పోయినవాళ్లవి కూడా. వంతు అమ్ముకోకుండా వెళ్లిపోయినవాళ్ల పేరు అలాగే ఉండిపోతుందట. మీ స్నేహితుడికి ఇది ముఖ్యమని చెప్తున్నాను. ముత్తాతగారి ఆనవాలు జనగణనలో దొరకదు, జనగణనలో పేర్లు బయటపెట్టరు. నీటి వంతుల్లో, తోట కాగితాల్లో దొరకొచ్చు.

భాష సంగతి. ఇరాన్ జనగణనలో మాతృభాష ఏమిటని అడగరు. మన జనగణనలో అడుగుతారు కాబట్టి అక్కడా అడుగుతారనుకుంటాం. 'ఫార్సీ మాట్లాడే ఊరు' అనే మాట జనాభా అంకె పక్కన కనిపిస్తే, ఆ రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయని అనుకోకండి. భాష ముక్క ఆ పాత సైనిక గ్రామ కోశం లాంటి దాన్నుంచి వచ్చి ఉంటుంది. ఆ పుస్తకం కూడా లోతుగా పోలేదు. పైన చెప్పిన అబ్యానెలో పెద్దవాళ్లు మాట్లాడేది మామూలు ఫార్సీ కాదు, మధ్య ఇరాన్‌కు చెందిన వేరే పాత భాష. బయటివాడు వస్తే ఫార్సీలోకి మారిపోతారు. యజ్ద్ వైపు జరతుష్ట్ర మతస్థుల (మన పార్సీల మతం వాళ్ల) పల్లెల్లో ఇంట్లో మాట్లాడేది కూడా వేరే భాష, దాన్ని వాళ్లు దరీ అంటారు. అఫ్గానిస్తాన్ దరీకి, దీనికి సంబంధం పేరు వరకే.

ఇది మీకు ఎందుకంటే, మన దేశానికి వచ్చిన ఇరానీ హోటళ్ల వాళ్లలో యజ్ద్ వైపు పల్లెల వాళ్లు చాలామంది. ముంబైలో జరతుష్ట్ర మతస్థులు ఎక్కువ కనిపిస్తారు, హైదరాబాద్‌లో షియా ముస్లింలు ఎక్కువ. మీ నాలుగు లైన్లలో మతం దగ్గర ఏముందో, స్నేహితుడి కుటుంబం ఏమిటో పోల్చండి. సరిపోకపోతే అది వేరే అలీయాబాద్ అని దాదాపు తేల్చేయొచ్చు. ఈ ఒక్క పరీక్షతోనే సగం పేర్లు జాబితాలోంచి పోతాయి.

అంకెల దగ్గర ఒక చిన్న జాగ్రత్త. ఫార్సీ అంకెల్లో రెండుకూ మూడుకూ తేడా తల మీద ఒక పన్ను మాత్రమే. పాత స్కాన్‌లో సిరా అలుక్కుంటే 120, 130 ఒకటే అయిపోతాయి. మీరు ఫొటో తీసింది ఇంకొంచెం వెలుతురులో మళ్లీ తీయండి.

మరి ఇప్పుడు ఏం చేయాలి? అన్నిటికంటే ముందు కుటుంబం దగ్గర పాత షెనాస్‌నామె ఉందేమో అడగండి. అది ఇరాన్ పౌరుల గుర్తింపు పుస్తకం. అందులో అది ఎక్కడ జారీ అయిందో రాసి ఉంటుంది. తఫ్త్ అని ఉంటే తఫ్త్ చుట్టుపక్కల అలీయాబాద్‌లు చూస్తే చాలు, అర్దకాన్ అని ఉంటే అటువైపు. ఇంటిపేరు అక్కడ చట్టంతో తప్పనిసరి అయింది 1925లో. ముత్తాతగారు అంతకుముందే వచ్చేసి ఉంటే ఇంటిపేరు ఇక్కడే పెట్టుకుని ఉండొచ్చు, అప్పుడు ఇంటిపేరు పట్టుకుని అక్కడ వెతకడం వృథా. షెనాస్‌నామె లేకపోతే సమాధి రాయి చూడండి. హైదరాబాద్‌లో పాతతరం ఇరానీల సమాధి రాళ్ల మీద ఫార్సీలో పేరు చివర ఊరో ప్రాంతమో కనిపించవచ్చు. యజ్దీ అని ఉంటే పెద్దగా తెలిసేది లేదు, తఫ్తీ అని ఉంటే చాలా తెలుస్తుంది.

ఆ తర్వాత మీ నాలుగు లైన్లు మొదటి మాట నుంచి చివరి మాట వరకు ఇక్కడ టైప్ చేయండి, లేదా ఫొటో పెట్టండి. షెనాస్‌నామె దొరికితే జారీ అయిన చోటు ఉన్న భాగం మాత్రం పెట్టండి, పేర్లు, నంబర్లు కప్పేయండి. దెహిస్తాన్ పేరు, దూరం, దిక్కు కనిపిస్తే ఖనాత్ వరుస నేను వెతికి పెడతాను. 2006, 2011, 2016 అంకెలు మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం.